కండిషనర్ సంగతి తర్వాత, ముందు ఎర్త్ ఉందా భాయ్?



పోయిన నెల హైదరాబాద్ టోలిచౌకి నుంచి మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. సలామ్ దువా అయ్యాక అసలు మాటకొచ్చాడు. "మామూ, 38,000కి పవర్ కండిషనర్ వస్తోంది. నేనొకటి తీసుకుంటున్నా. నానాజాన్ యాంప్లిఫైయర్ కోసం మీకూ ఒకటి పంపమంటారా? అరకులో మీ కరెంటు హాల్ నాకు తెలుసు కదా."

"వద్దు బేటా" అన్నాను. వాడు కాస్త నొచ్చుకున్నాడు. మొహబ్బత్‌తో అడిగినదానికి ఒక్క ముక్కలో వద్దంటే ఎవరికైనా తక్లీఫే. అందుకే ఆ 'వద్దు' వెనక సబబ్ ఏమిటో ఇక్కడ ఖుల్లంఖుల్లా రాస్తున్నాను. మన ఇళ్లల్లో గజళ్లు, ఖవ్వాలీలు, పాత సినిమా పాటలు మంచి ఆవాజులో వినే శౌఖ్ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. దుకాణంవాడు యాంప్లిఫైయర్ అమ్మాక "దీనికి ఒక కండిషనర్ కూడా" అనడం మామూలైపోయింది. నా రాయ్ ముందే చెప్పేస్తాను. మా కొండల్లో ఆ పెట్టె నయం చేసే రోగం వేరు, మా కరెంటుకున్న రోగం వేరు. ఎర్త్ లేని ఇంట్లోనైతే ఆ పెట్టె లేకపోవడమే నయం.

మా యాంప్లిఫైయర్ కథ కొంచెం చెప్పాలి. మర్హూమ్ అబ్బాకి అరకు బజారులో బట్టల దుకాణం ఉండేది. అంతకుముందు ఇంట్లో వాల్వు రేడియో. బుధవారం రాత్రి బినాకా గీత్ మాలా కోసం దుకాణం పెందలాడే కట్టేసేవారు. ఆ రేడియో వెనక చిన్న బిళ్ల తిప్పుడు ఉండేది, దాని మీద 200, 220, 240 అని అంకెలు. కరెంటు నీరసంగా ఉన్న సీజన్లో అబ్బా దాన్ని కింది అంకెకి తిప్పేవారు. వోల్టేజి అనేది ఒకటుంటుందని, అది ఎప్పుడూ ఒకేలా ఉండదని నాకు చిన్నప్పుడే మాలూమ్ అయింది ఆ బిళ్ల వల్లే.

1988లో స్టీరియో యాంప్లిఫైయర్ కొన్నారు. ఒక్కో పక్కకి 60 వాట్లు. ఎత్తబోతే నడుం పట్టేస్తుంది, బరువులో సగం లోపలున్న ట్రాన్స్‌ఫార్మర్‌దే. మెహదీ హసన్ కేసెట్లు, సాబ్రీ బ్రదర్స్ ఖవ్వాలీలు, వాటి పక్కనే ఘంటసాల. అబ్బా పోయాక ఆ డబ్బా నా దగ్గరికి అమానత్‌గా వచ్చింది. దానికేదైనా అయితే సొమ్ము పోయినట్టు ఉండదు, అబ్బా కుర్చీ విరిగినట్టు ఉంటుంది.

ఇప్పుడు అసలు మసలాకి వద్దాం. గోడలోంచి వచ్చే 230 వోల్టుల కరెంటుని యాంప్లిఫైయర్ నేరుగా పాటగా మార్చదు. మొదట ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తగ్గిస్తుంది. తర్వాత నాలుగు డయోడ్లు దాన్ని ఒకే దిక్కుకి మళ్లిస్తాయి. పెద్ద కెపాసిటర్లు, అవి మంచినీళ్ల తొట్టెల్లాంటివి, దాన్ని నింపుకొని నిలకడగా లోపలికి వదులుతాయి. పాటకి కావలసిన బలం ఆ తొట్టెల్లోంచే వస్తుంది. అంటే కరెంటుని 'కండిషన్' చేసే ఏర్పాటు ప్రతి యాంప్లిఫైయర్ కడుపులో ముందే ఉంది. తయారు చేసినవాడు అనాడీ కాకపోతే బయటి చిన్నాచితకా గోల చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

మరి కండిషనర్ ఏం చేస్తుంది? ఆ పేరుతో మార్కెట్లో రకరకాల పెట్టెలున్నాయి. ఎక్కువ భాగం ఫిల్టర్ రకం. మొబైల్ చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, లిఫ్టు మోటార్లు లైన్లోకి వదిలే సన్నని రొదని వడగట్టే కాయిల్స్, కెపాసిటర్లు, వాటితోపాటు ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజిని తినేసే ఎంఓవీ అనే చిన్న బిళ్లలు ఉంటాయి. కొన్నిట్లో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. ఇంకా ఖరీదైనది రీజనరేటర్. వచ్చిన కరెంటుని డీసీగా మార్చి, మళ్లీ కొత్తగా ఏసీ తయారు చేసి ఇస్తుంది. అది నిజంగా పని చేసే యంత్రమే, వోల్టేజి కూడా నిలబెడుతుంది. కానీ లక్ష దాటే సరుకు. పైసలున్న శౌఖీన్లు పెట్టుకుంటే నాకేం ఏతరాజ్ లేదు. మా భాంజా చెప్పిన 38,000 పెట్టె మొదటి రకం. అది 170 వోల్టులు వస్తే 170నే శుభ్రంగా తుడిచి ఇస్తుంది, పెంచదు. ఈ ఒక్క ముక్క దుకాణంవాడు చెప్పడు, మనం అడగం.

మీ ఇంట్లో ఆ రొద ఉందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని తరీఖా ఉంది. రాత్రి ఫ్యాను ఆపి, పాట పెట్టకుండా, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, స్పీకర్ దగ్గర చెవి పెట్టండి. ఖామోషీయే వినిపిస్తే కండిషనర్ తీసెయ్యడానికి అక్కడ ఏమీ లేదు. బుర్రుమని లావుపాటి హమ్మింగ్ వస్తుంటే వెనక వైర్లన్నీ ఒక్కొక్కటే పీకి చూడండి. సెట్‌టాప్ బాక్సు వైరు తీయగానే ఆగిందా? అది రెండు సామాన్లు రెండు దారుల్లో ఎర్త్‌కి తగలడం వల్ల వచ్చే గోల, దాన్ని గ్రౌండ్ లూప్ అంటారు. దానికి కండిషనర్ మందు కాదు. వైర్లన్నీ పీకినా హమ్మింగ్ అలాగే ఉందా? పాత డబ్బా అయితే లోపలి కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి. మా అబ్బా డబ్బాకి అదే అయింది. విశాఖపట్నంలో ఒక పాత రేడియో మెకానిక్ 1,800 తీసుకుని అవి మార్చాడు. ఆవాజ్ మళ్లీ జవాన్ అయింది. ఇన్నేళ్లలో నా చెవికి సాఫ్‌గా తెలిసిన ఫరఖ్ ఏదన్నా ఉంటే అదొక్కటే.

భాంజా దగ్గర తజ్రుబా కూడా చేశాం. రంజాన్ ఈద్‌కి వెళ్లినప్పుడు వాడి దోస్త్ దగ్గర్నుంచి ఆ పెట్టె వారం రోజులకి తెచ్చి పెట్టుకున్నాడు. "వినండి మామూ, పర్దా తీసినట్టు లేదూ?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది, ఖుదా గవాహ్. షీర్ ఖుర్మా తిన్న మధ్యాహ్నం ఏ పాటైనా బాగుంటుంది. అప్పుడు వాడి బేగమ్ నవ్వి, "మీరిద్దరూ కళ్లు మూసుకోండి, నేను ప్లగ్గు మారుస్తుంటాను, ఏది పెట్టెలోంచి వస్తోందో, ఏది గోడలోంచి వస్తోందో చెప్పండి" అంది. ఒకే పాట, ఒకే వాల్యూమ్, పదిసార్లు. నాకు ఆరు ఒప్పయ్యాయి, వాడికి నాలుగు. బొమ్మాబొరుసు వేసినా అంతే వచ్చేది. వాడు మాత్రం "చెవులు అలిసిపోయాయి మామూ" అన్నాడు. చివర్లో ఆ పిల్ల, "ఒక్కోసారి డబ్బా రేకు మీద చెయ్యి పెడితే చీమలు పాకినట్టుంది మామూజాన్, పెట్టెలో గుచ్చినప్పుడే" అంది. చలికాలం దుప్పటి తీస్తే చిటపటమన్నట్టేలే అనుకొని నవ్వేశాం. ఆ మాట అప్పుడే పట్టించుకోవలసింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక మా కరెంటు. పెద్దలు చిరాగ్ తలే అంధేరా అంటారు, దీపం కిందే చీకటని. మాకు ఈ మాట సామెత కాదు, ఊరి భూగోళం. ముంచంగిపుట్టు అవతల, ఒడిశా సరిహద్దులో, మాచ్‌ఖండ్ నది మీద డుడుమ జలపాతం దగ్గర 1955లోనే కరెంటు పుట్టింది. మొత్తం 120 మెగావాట్లు. ఆ నీళ్లు నిలపడానికి జలపుట్ జలాశయం కడితే వేల కుటుంబాలు ఊళ్లు ఖాళీ చేశాయి, వాటిలో చాలా భాగం గిరిజనులవి. పెద్ద లైన్లు కొండల నెత్తిమీదుగా మైదానానికి దిగిపోయాయి. ఆ తీగల కింద ఉన్న కొన్ని గూడేలకి స్తంభాలు చేరడానికి దశాబ్దాలు పట్టింది. మా అబ్బా "కరెంటు మన ఇంటి ముందు నుంచి బారాత్‌లా వెళ్లిపోతుంది, లోపలికి రాదు" అనేవారు.

వచ్చిన కరెంటైనా చాలా దూరం నడిచి వస్తుంది. అడవిలోంచి, లోయలోంచి సన్నని తీగ మీద మైళ్లు మైళ్లు. నీళ్ల పైపు ఎంత పొడుగైతే చివర కొళాయిలో ధార అంత సన్నబడినట్టు, తీగ పొడుగైన కొద్దీ వోల్టేజి పడిపోతుంది. సాయంత్రం అందరూ దీపాలు వేసే వేళకి ఇంకా పడుతుంది. మామూలు ఇళ్లకి ఇచ్చే కరెంటు 230 వోల్టులకి నూటికి ఆరు పాళ్లు అటూ ఇటూ ఉండొచ్చని 1956 నాటి నియమాలు చెప్పాయి. అంటే 216 నుంచి 244. మా ఇంట్లో చవక మీటరు పెట్టి చూస్తే సాయంత్రం ఏడింటికి 175, అర్ధరాత్రి దాటాక 245.

175 దగ్గర అబ్బా డబ్బా ఏమవుతుంది? హిసాబు వేస్తే 60 వాట్లది 35 వాట్లకి దిగుతుంది. వినడానికి భయంగా ఉంది కానీ చెవికి తెలిసేది రెండు డెసిబెల్స్ పైచిలుకు మాత్రమే. గొంతు పెంచితే కాస్త ముందుగా పగులుతుంది, అంతే. తక్కువ వోల్టేజి ఇలాంటి పాత యాంప్లిఫైయర్‌ని చంపదు, నీరసపెడుతుంది. చంపేది ఎక్కువ వోల్టేజి. లోపలి తొట్టెలు 50 వోల్టులు తట్టుకునేవి అనుకోండి, మామూలుగా వాటి మీద 45 ఉంటుంది. బయట 270 వస్తే లోపల 53 అవుతుంది. తొట్టె పగలవచ్చు.

270 కాదు, 350 కూడా రావచ్చు. 2019 వేసవిలో ఒక సాయంత్రం గాలివానకి కొమ్మ విరిగి మా వీధి లైను మీద పడింది. తర్వాత క్షణం మా ఇంట్లో బల్బులు నిఖా పందిరిలోలా వెలిగాయి. పక్కింటి టీవీ, ఫ్రిజ్జు ఫట్. మా యాంప్లిఫైయర్ ఆ సమయానికి ఆపి ఉండటం కేవలం ఇత్తెఫాఖ్. జరిగింది ఏమిటంటే న్యూట్రల్ తీగ తెగింది. స్తంభం మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ ఉంటాయి. ఒక్కో ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230, ఫేజుకీ ఫేజుకీ మధ్య 400. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానికొకటి గొలుసు కట్టినట్టయి ఆ 400 పంచుకుంటాయి. ఎక్కువ సామాన్లు నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టేజి, ఒకటీ అరా బల్బులున్న ఇంటికి ఎక్కువ వోల్టేజి. ఇలాంటప్పుడు కండిషనర్‌లోని ఎంఓవీ బిళ్లలు ఏం చేస్తాయి? అవి రెప్పపాటులో వచ్చి పోయే దెబ్బ కోసం చేసినవి. పది నిమిషాలు ఆగకుండా 350 వస్తే వేడెక్కి అవే మాడిపోతాయి. దీనికి కావలసింది వోల్టేజి హద్దు దాటగానే కనెక్షన్ కత్తిరించే హై-లో కటాఫ్. మెయిన్ దగ్గర పెట్టించుకుంటే ఇల్లంతటికీ సరిపోతుంది. మాకు 2,200 అయింది.

పిడుగుల సంగతి వేరే. తూర్పు కనుమల్లో ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ కాసి సాయంత్రానికి కొండ మీద మబ్బు కమ్మితే అమ్మీ ముందు ప్లగ్గులు పీకుతుంది, తర్వాతే ఆరేసిన బట్టలు తీస్తుంది. ఆమె తర్తీబ్ సరైనదే. స్తంభం మీద పడిన పిడుగుని ఆపే పెట్టె ఏ దుకాణంలోనూ లేదు. డిష్ యాంటెనా వైరు కూడా తియ్యాలి, చాలామంది అది మరిచిపోతారు. ఈ రోజుల్లో విపత్తుల సంస్థ వాళ్లు ఫోన్లకి హెచ్చరికలు పంపుతున్నారు, పుణె శాస్త్రవేత్తలు చేసిన దామిని యాప్ కూడా ఉంది. ఇక 2014 అక్టోబరు 12న వచ్చిన తుఫాను లాంటిది వస్తే యాంప్లిఫైయర్ ఊసే ఉండదు. స్తంభాలు పడిపోయి రోజుల తరబడి చీకటి. దాని పేరు హుద్‌హుద్, సులైమాన్ అలైహిస్సలామ్‌కి ఖబర్లు తెచ్చిన పిట్ట పేరు. ఆ పిట్ట ఇలాంటి ఖబర్ తెస్తుందని ఎవరు అనుకుంటారు?

అసలు చెప్పదలచుకున్నది ఇంకా చెప్పలేదు. అది అమ్మీ సంగతి.

కొన్నేళ్ల కింద సెట్‌టాప్ బాక్సుని యాంప్లిఫైయర్‌కి కలిపితే బుర్రుమని హమ్మింగ్ మొదలైంది. వైరింగ్ పని చేసే ఒకాయన వచ్చి, మూడు పిన్నుల ప్లగ్గులోంచి ఎర్త్ వైరు పీకేశాడు. హమ్మింగ్ ఆగింది. మాషా అల్లాహ్ అన్నాం, చాయ్ ఇచ్చి పంపాం. తప్పు ఆయనొక్కడిది కాదు, పక్కన నిలబడి చూసింది నేనే. ఆ తర్వాత వచ్చిన వానాకాలం, మా ఊళ్లో గోడలు కూడా చెమర్చే రోజుల్లో, మగ్రిబ్‌కి వజూ చేసుకుని వస్తూ అమ్మీ పాట ఆపుదామని వాల్యూమ్ బిళ్ల పట్టుకుంది. కేక వినిపించింది. నేను వెళ్లేసరికి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, చెయ్యి వణుకుతోంది. చెమ్మకి ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిని, కరెంటు రేకులోకి దిగింది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోయి ఫ్యూజు ఎగిరిపోయేది. ఎర్త్ లేదు కాబట్టి అమ్మీ చేతి కోసం కాచుకుని కూర్చుంది. అల్లాహ్ కరమ్, చెయ్యి విదిలించుకోగలిగింది. ఆమెకి 71 ఏళ్లు.

మర్నాడు ఐటీఐ చదివిన ఒక కుర్రాణ్ని పిలిచాను. పై గూడెం వాడు, భగత కుటుంబం. ప్లగ్గు చూశాడు, తర్వాత గోడ సాకెట్ విప్పాడు. హోల్డర్లో బల్బు పెట్టి ఫేజుకీ న్యూట్రల్‌కీ తగిలించాడు, వెలిగింది. ఫేజుకీ ఎర్త్‌కీ తగిలించాడు, వెలగలేదు. "సాయిబు గారూ, ప్లగ్గులో వైరు ఉన్నా లాభం లేదండి. మీ ఇంటికి అసలు భూమే లేదు" అన్నాడు. (ఆ పరీక్ష మీరు చెయ్యకండి, తెలిసినవాడితోనే చేయించండి.) ఎర్త్ ఏమైందంటే, అబ్బా కాలంలో వైరు తీసుకెళ్లి ఇనుప కొళాయి పైపుకి చుట్టారు. తర్వాత పైపులు ప్లాస్టిక్‌వి వేశారు. ఎర్త్ వైరు ఉంది, పైపు ఉంది, మధ్యలో భూమి లేదు. మీ ఇల్లు ముప్పై నలభై ఏళ్లదైతే మీ ఇంట్లోనూ ఇదే కథ ఉండొచ్చు, ఒకసారి చూపించండి.

పెరట్లో గుంత తవ్వడానికి రెండు రోజులు పట్టింది. మా కొండల రాయిని ఖొండలైట్ అంటారట, ఇక్కడి కొండ జాతి ఖోండుల పేరే శాస్త్రవేత్తలు ఆ రాయికి పెట్టారు. పేరు బాగుంది కానీ గునపం దిగదు. పైగా రాతి నేల కరెంటుని తేలిగ్గా తీసుకోదు, వేసవిలో ఎండితే అసలే తీసుకోదు. బొగ్గు, ఉప్పు పొరలు వేసి జీఐ పైపు దించాడు. "ఇది ఎప్పుడూ తడిగా ఉండాలండి" అన్నాడు. వజూ నీళ్లు పోయే కాలువని ఆ గుంత వైపు తిప్పించాను. రోజుకి ఐదుసార్లు దానంతటదే తడుస్తుంది. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. కరెంటు ఎవరి ఒంట్లోంచైనా భూమిలోకి దారి తీస్తే అది కన్నుమూసి తెరిచేలోగా సప్లై ఆపుతుంది. గుంత, పైపు, కూలీ, ఆర్‌సీసీబీ అన్నీ కలిపి 7,500. ఎర్త్ వచ్చాక పాత హమ్మింగ్ కూడా వాపస్ వచ్చింది. దానికి సెట్‌టాప్ బాక్సు ఆడియో వైరు మధ్యలో 500 రూపాయల చిన్న ఐసొలేటర్ పెడితే పోయింది. ఆ 500 మొదట్లోనే పెట్టి ఉంటే అమ్మీ చెయ్యి వణికేది కాదు.

ఆ కుర్రాణ్నే అడిగాను, ఇలాంటి ఇంట్లో కండిషనర్ పెట్టి ఉంటే ఏమయ్యేదని. వాడు చెప్పింది విన్నాక నాకు ఈద్ మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఫిల్టర్ పెట్టెల్లో ఫేజు నుంచి ఎర్త్‌కీ, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కీ రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. గోలని భూమిలోకి పారబోయడానికి. భూమి ఉంటే సరే. లేకపోతే ఆ రెండిటి మధ్య ఇరుక్కుని ఎర్త్ పిన్ను సగం వోల్టేజికి, అంటే 115 దాకా లేస్తుంది. దానిలో గుచ్చిన సామాన్లన్నిటి రేకులూ ఆ పిన్నుకే కట్టి ఉంటాయి కాబట్టి అన్నీ కలిసి లేస్తాయి. చాలా కొద్ది కరెంటే, చిమచిమలాడుతుంది, చీమలు పాకినట్టు. కానీ గుచ్చినవాటిలో ఒక్కటి పాడైతే అన్నిటి రేకులూ కరెంటు పట్టుకుంటాయి. 38,000 పెట్టి గోల వడగట్టబోయి, ఇంట్లో లేని ఖత్రా తెచ్చుకున్నట్టు.

ఇప్పుడు మా ఇంట్లో అబ్బా డబ్బాకి ఒక స్టెబిలైజర్ మాత్రం ఉంది, 3,400ది. కేరళలో 1977లో వీ-గార్డ్ మొదలైందే స్టెబిలైజర్లతో. ఇలాంటి కరెంటున్న ఊళ్లకి పుట్టిన సామాను అది. అప్పుడప్పుడు టక్ మంటుంది, ఆ క్షణం పాట చిన్నగా తడబడుతుంది. ఆడియో శౌఖీన్లు ఛీ అంటారు. నాకు ఫికర్ లేదు.

కానీ స్టెబిలైజర్ గురించీ ఒక మాట ఉంది, అది చెప్పకపోతే నేను దుకాణంవాడితో సమానం. పని అయ్యాక ఆ కుర్రాడికి చాయ్ ఇస్తూ, "మీ గూడెంలో కరెంటు ఎలా ఉంటుంది?" అని అడిగాను. "రాత్రికి నూట యాభై కూడా రాదండి. టీవీ లెగదు. మీ బజారోళ్లందరూ స్టెబిలైజర్లు పెట్టి పైకి లాగుతారు కదండీ, మీకు పైకి లెగిస్తే మాకు కిందికి పోతాది" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను ఆలోచించి చూస్తే హిసాబు సరిగ్గానే ఉంది. స్టెబిలైజర్ వోల్టేజిని గాలిలోంచి తియ్యదు. 170ని 220 చెయ్యాలంటే లైన్లోంచి ఎక్కువ ఆంపియర్లు గుంజాలి. అంతమేర తీగలో వోల్టేజి ఇంకా పడుతుంది. ఆ పడినది లైను చివరన ఉన్నవాడి వాటా. నా యాంప్లిఫైయర్ గుంజేది దాల్‌లో ఉప్పంతే. కానీ బజారులోని ఫ్రిజ్జులు, టూరిస్టుల కోసం కట్టిన లాడ్జీల ఏసీలు, గీజర్లు అన్నీ కలిపితే దాల్ అంతా ఉప్పే. పడోసీ అంటే గోడ పక్కవాడే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఒకే తీగ మీద ఆఖరి స్తంభం దగ్గరున్నవాడు కూడా పడోసీయే.

ఇంకొకటి కూడా గమనించాను. స్టెబిలైజర్, ఇన్వర్టర్ కొనుక్కున్నవాడు తక్కువ వోల్టేజి గురించి నోరెత్తడం మానేస్తాడు. నేనూ మానేశాను. కొనలేనివాడు అడుగుతూనే ఉంటాడు, వాడి మాట దూరం వెళ్లదు. కండిషనర్ అయితే ఇంకా మేలు, రోగాన్ని కూడా మన ఇంటి లోపలి శౌఖ్‌గా మార్చేస్తుంది. సరైన వోల్టేజి అడగడం హక్. 2003 కరెంటు చట్టం సర్వీసుకి ప్రమాణాలు పెట్టాలని చెప్పింది, అందకపోతే వెళ్లడానికి వినియోగదారుల ఫోరం, దాని పైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 1912కి ఫోన్ చేస్తే ఫిర్యాదుకి నంబరు ఇస్తారు, ఆ నంబరు రాసి దాచుకోవాలి. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కావాలని రాసే అర్జీలో "లో వోల్టేజి బాబూ" అని ఏడిస్తే సరిపోదు, ఏ తేదీ, ఎన్ని గంటలకి, ఎన్ని వోల్టులు అని ఉండాలి.

అందుకే అబ్బా దుకాణం లెక్కల పుస్తకంలో మిగిలిన ఖాళీ పేజీల్లో రోజూ సాయంత్రం ఏడింటికి మీటరు చూసి అంకె రాస్తున్నాను. ఆ కుర్రాడు వాళ్ల గూడెంలో అదే సమయానికి చూసి నాకు మెసేజ్ పెడతాడు. రెండు వరసలు పక్కపక్కన. నిన్న మాది 181, వాళ్లది 148. అర్జీ మీద ఇప్పటికి 43 దస్తఖత్‌లు అయ్యాయి, వాటిలో బజారువి తొమ్మిదే. మిగతా దుకాణాలకి ఈ జుమా తర్వాత వెళ్లాలి. లాడ్జీలవాళ్లు మాత్రం "మాకు జనరేటర్ ఉంది కదా" అంటున్నారు.

భాంజాకి ఇదంతా ఫోన్లో చెప్పాను. మధ్యలో ఒకటి రెండుసార్లు "హాఁ మామూ, హాఁ మామూ" అన్నాడు, విసుగొచ్చిందని తెలుస్తూనే ఉంది. "సరే, కొనుక్కుంటే కొనుక్కో బేటా, నీ హలాల్ కమాయి, నీ శౌఖ్. ఒక్క పని చెయ్యి. ముందు ఎవరైనా ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ సాకెట్ విప్పించు" అన్నాను.

మొన్న ఆదివారం మళ్లీ ఫోన్ చేశాడు. సలామ్ కూడా సరిగ్గా చెప్పలేదు.

"మామూ, విప్పించాను. పైన పెద్ద రంధ్రం ఉంటుంది కదా, ఎర్త్‌ది. దాని వెనక వైరే లేదు. ఈ అపార్ట్‌మెంట్లో ఒక్క ఫ్లాట్లోనూ లేదట."